తగ్గింపు కార్డు, బ్యానరు పెడితే పిల్లలు మత్తు జోలికి పోరా?

తాళాలగుత్తి
మాది పుస్తకాలు, స్టేషనరీ అమ్మే కొట్టు. మా వ్యాపారుల సంఘంలో 14 మందిమి. పోయిన వారం మీటింగులో ఒకాయన ఓ స్కీము పట్టుకొచ్చాడు. 13 నుంచి 19 ఏళ్ళ పిల్లలు ‘మందు, మత్తు ముట్టను’ అని సంతకం పెట్టి, ఏడాదికి రెండుసార్లు యూరిన్ టెస్టు చేయించుకుంటే వాళ్ళకో కార్డు ఇస్తామట. కార్డు చూపిస్తే 14 కొట్లలోనూ తగ్గింపు. దానికి తోడు జూన్ 26న ర్యాలీ, పెద్ద బ్యానరు, బ్యానరు మీద మా అందరి ఫోటోలు.

నా వాటా డబ్బులు అడుగుతున్నారు. ఇవ్వడానికి బాధేం లేదు. కానీ రాత్రి పడుకుంటే ఒకటే తొలుస్తోంది. నా కొట్లో వైట్‌నరు, థిన్నరు, గమ్ము అన్నీ ముందు వరసలోనే ఉన్నాయి, చెయ్యి చాపితే అందేలా. మా పక్కాయన సిగరెట్లు విడిగా అమ్ముతాడు, వయసు అడగడు. ఆయన ఫోటో కూడా బ్యానరు మీద ఉంటుంది. ఇదంతా పిల్లలకి పనికొచ్చేదేనా, మన సంబరమేనా? ఎవరైనా ఇలాంటిది చేసి చూశారా?

గోడమీదపిల్లి
ఫోటోలో ఎవరి మీసం పెద్దదైతే వాళ్ళ కొట్లో తగ్గింపు ఎక్కువ అని పెట్టండి. కనీసం పిల్లలు నవ్వుకుంటారు.

ఎదురుగాలి
మీ సంబరమే. అనుమానం అక్కర్లేదు. ఈ ర్యాలీలు, ప్రతిజ్ఞలు అన్నీ మన మనసు తేలిక పడటానికి పనికొస్తాయి. ప్రతిజ్ఞ చెయ్యి చాపి చదివినవాడే సాయంత్రం గోడ వెనక ఉంటాడు. మా స్కూల్లో నేనే చదివించేవాణ్ణి ప్రతిజ్ఞ, క్లాస్ లీడర్ని. మొదటి సిగరెట్టు ఆ ఏడాదే.

నిద్రపట్టని_నాన్న
ఎదురుగాలి గారూ, అలా తీసిపారేస్తే ఎలా? మా వాడికి 15. పక్క క్లాసు కుర్రాణ్ణి ఈ మధ్యే ఆస్పత్రిలో చేర్చారు. నాలాంటి తండ్రికి ఏదో ఒకటి జరుగుతోంది అంటే అదే ధైర్యం. కార్డు వల్ల పదిమందిలో ఇద్దరు ఆగినా మంచిదే కదా.

ఎదురుగాలి
ఆ ఇద్దరూ కార్డు లేకపోయినా ఆగేవాళ్ళే. నా గొడవంతా అదే.

వార్డు_సిస్టర్
మత్తు మాన్పించే వార్డులో 11 ఏళ్ళుగా పనిచేస్తున్నా. యూరిన్ టెస్టు సంగతి మాత్రం నేను చెప్పాలి.

మామూలు కిట్టుతో చేసే టెస్టులో గంజాయి చాలా రోజులు పట్టుబడుతుంది. ఎప్పుడో ఒకసారి పీల్చినవాడికి కొన్ని రోజులు, రోజూ పీల్చేవాడికి వారాల తరబడి. మందు మాత్రం కొన్ని గంటల్లో ఖాళీ. శనివారం రాత్రి తాగినవాడు సోమవారం ఆ కిట్టులో శుభ్రంగా ఉంటాడు. ఇక తాళాలగుత్తి గారి ముందు వరసలో ఉన్న థిన్నరు, గమ్ము అయితే మత్తుకి పీల్చినా ఆ టెస్టులో కనపడనే కనపడవు. దీనివల్ల పిల్లలకి వెళ్ళే పాఠం ఏంటి? గంజాయి వద్దు, దొరికిపోతాం. మందు పర్లేదు, థిన్నరు ఇంకా పర్లేదు. ఉన్నవాటిలో ఉన్నపళంగా గుండె ఆపే దాని వైపే తోస్తున్నాం అన్నమాట.

ఇంకో పక్క, ఏ పాపం తెలియని పిల్లాడికి పాజిటివ్ రావచ్చు. గసగసాలు తిన్నా, కొన్ని రకాల జలుబు మందులు వేసుకున్నా మొదటి టెస్టు తప్పు చూపించిన సందర్భాలున్నాయి. పెద్ద ల్యాబులో రెండో టెస్టు చేస్తే తేలుతుంది. మీ సంఘం రెండో టెస్టు చేయిస్తుందా? ఆ కాగితం ఎవరి సొరుగులో ఉంటుంది? అమెరికా పిల్లల వైద్యుల సంఘం స్కూళ్ళలో ఇలా మూకుమ్మడిగా టెస్టులు పెట్టడం వద్దనే 2015లో చెప్పింది. స్కూళ్ళకే వద్దంటుంటే, కొట్లవాళ్ళు పెట్టడం ఏంటండీ?

రెండోబెంచి
నాకు 17. మీరంతా మా గురించి మాట్లాడుతున్నారు కదా, ఒక ముక్క చెప్పొచ్చా. కార్డు ఉన్నోడు మంచోడు అయితే కార్డు లేనోడు ఎవరు? నాకు టెస్టు ఇష్టం లేక కార్డు తీసుకోలేదనుకోండి, మరుసటి రోజు నుంచి కౌంటర్ దగ్గర అంకుల్ చూసే చూపు మారుతుంది. మా అమ్మకి ఫోన్ వెళ్తుంది. తగ్గింపుకి ఆశపడి కాదు, ఈ భయంతో అందరూ తీసుకుంటారు. ఇంక దానికి విలువేం ఉంటుంది?

గోడమీదపిల్లి
రెండోబెంచి, నువ్వు మొదటి బెంచిలో కూర్చోవాల్సినోడివి.

రెండోబెంచి
మొదటి బెంచిలో ఫ్యాన్ గాలి రాదన్నా.

తాళాలగుత్తి
సిస్టర్ గారూ, ఆ గమ్ము మాట చదివాక కొట్టు తెరవగానే మొదట ఆ వరసే ఖాళీ చేశా. వెనక అరలోకి పెట్టా. మా కుర్రాడు ‘ఎందుకు సార్, రోజుకి ఎన్నో పోతాయి’ అన్నాడు. ఎన్నో పోతున్నాయంటే పరీక్షలేం లేని ఈ నెలలో ఎవరు కొంటున్నారో నేనెప్పుడూ ఆలోచించలేదు.

పాతసైకిల్
గమ్ము సంగతి నన్నడగండి. నాది సైకిల్ రిపేరు. పంక్చర్ సొల్యూషన్ ట్యూబులు డబ్బాలకొద్దీ తెస్తాం. రెండేళ్ళ కిందట ఒక పిల్లాడు, 13 ఉంటాయేమో, రోజూ సాయంత్రం వచ్చి ఒక ట్యూబు కొనేవాడు. నాలుగైదు రోజులు నేనూ పట్టించుకోలేదు. ఆరో రోజు అడిగా, ‘ఏరా, రోజూ పంక్చరేనా, టైరు మార్పించుకోరాదూ’ అని. తల వంచుకున్నాడు. చొక్కా చెయ్యి అంచు గట్టిగా, పెచ్చు కట్టి ఉంది. ముక్కు కింద చర్మం పగిలి ఎర్రగా. అప్పుడు వెలిగింది నాకు. రోజుకో ట్యూబు పంక్చరవడానికి అసలు సైకిలే లేదు వాడికి.

కోపం ఆగలేదు. వాడు పరిగెత్తాడు, వెనకే నేనూ పరిగెత్తా. సందు చివర పట్టుకున్నా. రెండు తగిలించా కూడా, అబద్ధమెందుకు. తర్వాత ఏడ్చింది వాడు కాదు, నేను. ఆరు రోజులూ వాడికి అమ్మింది నేనే కదా.

వార్డు_సిస్టర్
పాతసైకిల్ గారూ, మీ మనసు అర్థమైంది. అయినా ఇది మీకే కాదు, ఇది చదివే అందరికీ చెప్పాలి. గమ్ము గానీ థిన్నరు గానీ లైటర్ గ్యాసు గానీ పీల్చి ఉన్న పిల్లాణ్ణి తరమొద్దు, అరవొద్దు, కొట్టొద్దు. ఆ ఆవిరి గుండె లయని తేలిగ్గా చెడిపోయే స్థితిలో పెడుతుంది. ఆ సమయంలో భయపడినా, పరిగెత్తినా ఒంట్లో అడ్రినలిన్ పెరిగి గుండె ఉన్నపళంగా ఆగిపోవచ్చు. మొదటిసారి పీల్చినవాడికి కూడా ఇలా జరుగుతుంది, పాత అలవాటే ఉండక్కర్లేదు. నెమ్మదిగా మాట్లాడాలి, గాలి తగిలే చోట కూర్చోబెట్టాలి, పక్కనే ఉండాలి. స్పృహ తప్పితే పక్కకి తిప్పి పడుకోబెట్టి అంబులెన్సు పిలవాలి. కేకలన్నీ మర్నాటికి దాచుకోండి.

పాతసైకిల్
ఇది నాకు తెలీదు సిస్టరమ్మా. నిజంగా తెలీదు. చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి.

ఇప్పుడు ట్యూబు చేతికివ్వను. సైకిల్ తెస్తే నేనే పూసి ఇస్తా. ట్యూబే కావాలంటే ఇంట్లో పెద్దవాళ్ళని పంపమంటా. బేరం పోతుందనుకున్నా, పెద్దగా పోలేదు. పోయినా పోనీ.

మందులచీటీ
మాది మెడికల్ షాపు. బ్రిటన్‌లో 1999 నుంచే లైటర్‌లో నింపే గ్యాసు డబ్బా 18 నిండనివాళ్ళకి అమ్మకూడదని రూలుంది. అక్కడ పిల్లలు దాంతోనే చచ్చిపోతుంటే పెట్టారు. పాతసైకిల్ గారు రూలు లేకుండానే అదే పని చేశారు.

మా దగ్గర గొడవ వేరు. దగ్గు మందు, నిద్రమాత్రలు, నొప్పి మాత్రల్లో కొన్ని రకాలు. కుర్రాళ్ళు మందు పేరు తడుముకోకుండా చెప్తారు, ఎవరికి అంటే మాత్రం తడుముకుంటారు. నిజంగా అమ్మ కోసం వచ్చిన పిల్లాడు పేరు పలకలేడు, చీటీ మన మొహాన పెడతాడు. నేను గమనించిన తేడా ఇదే. ఒకే చీటీ జిరాక్సు నలుగురి చేతుల్లో చూశా. అందుకే ఇచ్చిన చీటీ మీద తేదీ వేసి, ముద్ర కొట్టి, ఎన్ని ఇచ్చానో రాసిస్తా. ఇంకో షాపుకి వెళ్ళినా వాళ్ళకి కనపడుతుంది.

ఒక్క మాట, ‘లేదు’ అని మొహం మీద చెప్పడం తేలికే. దానివల్ల వాడు పక్క షాపుకి పోతాడు. అందుకని మా చుట్టుపక్కల ఐదు షాపులవాళ్ళం మాట్లాడుకున్నాం. ఒకరు కాదంటే ఐదుగురం కాదనాలి. నా అనుభవంలో సంఘం చేసిన పనికొచ్చే పని ఇదొక్కటే. దీనికి బ్యానరు లేదు, ఎవరికీ తెలీదు కూడా.

ఎదురుగాలి
ఇది ఒప్పుకుంటా. ఎవరికీ తెలీకుండా జరిగింది కాబట్టే పనిచేసింది. 😀

నిద్రపట్టని_నాన్న
మరి పోలీసులు వచ్చి క్లాసులు చెప్పడం? మా వాడి స్కూల్లో వచ్చే నెల పెడుతున్నారు. కొట్లవాళ్ళే స్పాన్సర్ చేస్తున్నారు.

లెక్కలమాస్టారు
దాని చరిత్ర కాస్త నిరాశగానే ఉంది. 1983లో లాస్ ఏంజెలెస్‌లో డేర్ అనే కార్యక్రమం మొదలైంది. పోలీసాయన యూనిఫాంలో క్లాసుకొచ్చి వారం వారం చెప్పేవాడు. అమెరికా అంతా పాకింది, వేరే దేశాలకీ పోయింది. ఎక్కడ చూసినా టీషర్టులు, కారు స్టిక్కర్లు, స్థానిక వ్యాపారుల విరాళాలు. 2003లో అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ పాత అధ్యయనాలన్నీ పరిశీలించి, ఆ క్లాసు విన్న పిల్లలకీ విననివాళ్ళకీ దీర్ఘకాలంలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. ఆ తర్వాత వాళ్ళు పాఠాలే మార్చేసుకున్నారు.

అలాగని ఏదీ పనిచెయ్యదని కాదు. ఐస్‌లాండ్ సంగతి చూడండి. 1998లో అక్కడ 15, 16 ఏళ్ళ పిల్లల్లో గడిచిన నెలలో మత్తెక్కేదాకా తాగామన్నవాళ్ళు 42 శాతం. 2016కి 5 శాతం. రోజూ సిగరెట్ కాల్చేవాళ్ళు 23 నుంచి 3కి వచ్చారు. గంజాయి ఒక్కసారైనా ముట్టినవాళ్ళు 17 నుంచి 7కి. వాళ్ళు పిల్లలకి ఉపన్యాసాలు ఇవ్వడం మీద ఆధారపడలేదు. ప్రతి స్కూల్లో సర్వే చేసి, ఫలితం రెండు నెలల్లోపే ఆ స్కూలుకే చెప్పేవారు. ఆటలు, సంగీతం, నాట్యం నేర్చుకోవడానికి రాజధానిలో పిల్లాడికింత అని ఏటా డబ్బు కేటాయించారు. 13 నుంచి 16 ఏళ్ళవాళ్ళు చలికాలంలో రాత్రి పది దాటాక ఒంటరిగా బయట తిరగకూడదని చట్టం, ఎండాకాలం ఇంకో రెండు గంటల వెసులుబాటు. వారాంతాల్లో తల్లిదండ్రులే వీధుల్లో నడిచేవారు. మందు, సిగరెట్ల ప్రకటనలు బంద్.

ఎదురుగాలి
మాస్టారూ, లెక్కలు మీవే కాబట్టి లెక్కలోనే అడుగుతా. ఆ దేశం మొత్తం జనాభా అప్పట్లో మూడున్నర లక్షల్లోపు. పైగా అదే కాలంలో యూరప్‌లో చాలా దేశాల్లో పిల్లల తాగుడు తగ్గింది, ఐస్‌లాండ్‌లో ఎక్కువ తగ్గింది. అంతా ఆ పథకం గొప్పే అని ఎలా అంటాం? పైగా అది ప్రభుత్వం డబ్బు, ప్రభుత్వం చట్టం. ఇక్కడ అడిగింది 14 కొట్ల గురించి.

లెక్కలమాస్టారు
రెండూ న్యాయమైన ప్రశ్నలే. పథకం వల్లే అంతా అని నేనూ అనను. కానీ వాళ్ళ ఆలోచనలోంచి కొట్టువాడు తీసుకోదగ్గది ఒకటుంది. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా పిల్లాడు ఎక్కడుంటాడు, అక్కడ పెద్దవాడెవరైనా ఉన్నాడా. వాళ్ళ పథకం చాలావరకు పిల్లల ఖాళీ వేళల చుట్టూనే తిరిగింది. ఆ వేళకి తెరిచి ఉండేవి మన కొట్లే.

షటిల్_కోర్టు
నేను సరిగ్గా అదే చేసి చేతులు కాల్చుకున్నా, చెప్తా వినండి. నాకు రెండు షటిల్ కోర్టులున్నాయి. నాలుగు నుంచి ఆరు దాకా ఎలాగూ ఖాళీ. సరే, 18 లోపు పిల్లలకి ఆ రెండు గంటలు ఊరికే వదిలా. మొదటి నెల పండగే. రెండో నెలకి పెద్ద కుర్రాళ్ళు 20, 22 ఏళ్ళవాళ్ళు వచ్చి చేరారు. మూడో నెలకి మోటారు రూము వెనక సిగరెట్ పీకలు, ఖాళీ సీసాలు. నేను కౌంటర్లో కూర్చుని సీసీటీవీ చూసుకుంటూ, పిల్లల్ని బాగు చేస్తున్నాననుకుంటున్నా. చిన్నవాళ్ళని పెద్దవాళ్ళ దగ్గరికి నేనే చేర్చిపెట్టా.

మూసేశా. తర్వాత నా భార్య తిట్టింది, ‘చోటు ఇచ్చావు, మనిషిని ఇవ్వలేదు’ అని. మళ్ళీ తెరిచినప్పుడు ఆ రెండు గంటలూ ఒక కోచ్‌ని పెట్టా. పేర్లు రాసుకుంటాడు, మూడు రోజులు రాకపోతే ఫోన్ చేస్తాడు. ఇప్పుడు నడుస్తోంది. పిల్లలు సగమయ్యారు. ఉన్నవాళ్ళు ఉంటున్నారు.

గోడమీదపిల్లి
ఆవిడ మాట ముందే విని ఉంటే మూడు నెలలు మిగిలేవి. ప్రతి ఇంట్లోనూ ఇదే కథ.

షటిల్_కోర్టు
ఇంకోటి. టోర్నమెంటు పెడితే జెర్సీలకి డబ్బిస్తానని ఒక మద్యం వ్యాపారి వచ్చాడు. తన దుకాణం పేరు వీపు మీద ఉండాలట. 14 ఏళ్ళ పిల్లాడి వీపు మీద. వద్దన్నా. ‘పిల్లలకి మంచి చేస్తుంటే కాదంటావేం’ అని నన్నే తప్పుపట్టాడు.

మందులచీటీ
ఫ్రాన్స్‌లో 1991 నుంచీ క్రీడలకి మద్యం కంపెనీల స్పాన్సర్‌షిప్ చట్టరీత్యా నిషేధం. వాళ్ళ ఫుట్‌బాల్ ఏమీ మూతపడలేదు. మీరు మంచి పని చేశారు.

ఆరేళ్ళనుంచి
ఇన్నాళ్ళూ ఈ వేదికలో చదవడమే తప్ప రాయలేదు. మందు మానేసి ఆరేళ్ళు. మొదలుపెట్టింది 15లో. ఎక్కడో చెప్తే మీకు నచ్చకపోవచ్చు. ఉద్యోగంలో.

మా నాన్న, మా మేష్టారు, అందరూ ‘ఖాళీగా ఉంటే చెడిపోతావు, ఎక్కడైనా పనిలో చేరు’ అన్నారు. ఫంక్షన్లకి సప్లయర్లని పంపే ఒకాయన దగ్గర చేరా. వారానికి నాలుగైదు రాత్రులు. పని అయ్యేసరికి ఒంటిగంట, రెండు. నాతో ఉన్నవాళ్ళంతా ముప్పై, నలభై ఏళ్ళ మగాళ్ళు. సర్దుతున్నప్పుడు సీసాల్లో మిగిలింది ఒక జగ్గులో పోసి పక్కన పెట్టేవారు. మొదటిరోజు నాకు గ్లాసు ఇచ్చినాయన చెడ్డవాడు కాదు. ‘ఒళ్ళు నొప్పులు పోతాయిరా, పసివాడివి, అలిసిపోయావు’ అన్నాడు. అంత ప్రేమగా అప్పటిదాకా నాతో ఎవరూ మాట్లాడలేదు. చేతిలో డబ్బు, అడిగేవాడు లేడు, పొద్దున్నే స్కూలుకి పోతే క్లాసులో నిద్ర. ఏడాదికి స్కూలు పోయింది, జగ్గు మిగిలింది.

అందుకే ‘పిల్లలకి పని ఇవ్వండి, బాగుపడతారు’ అంటే నాకు వణుకు. ఏ పని, ఎన్ని గంటలు, ఎవరి పక్కన? అది చెప్పకుండా పని అనొద్దు.

నిద్రపట్టని_నాన్న
చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు తమ్ముడూ. రాసినందుకు థాంక్స్.

లెక్కలమాస్టారు
ఆరేళ్ళనుంచి గారు చెప్పిందానికి పరిశోధనల దన్ను ఉంది. స్కూలు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు దాటి పనిచేసే పిల్లల్లో మందు, సిగరెట్లు, గంజాయి వాడకం ఎక్కువని అమెరికాలో 1980ల నుంచీ చూస్తూనే ఉన్నారు. గంటలు తక్కువైతే అంత తేడా కనపడదు. అయితే ఇందులో చిక్కుంది. పనివల్ల చెడిపోతున్నారా, చదువు మీద అప్పటికే మనసు విరిగినవాళ్ళే ఎక్కువ గంటల పనికి పోతున్నారా? రెండూ కొంత కొంత అనిపిస్తుంది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. షికాగోలో 2012 వేసవిలో హింస ఎక్కువున్న పేటల్లోని హైస్కూల్ పిల్లలకి 8 వారాలు పని ఇప్పించారు. లాటరీ తీసి కొందరికి ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. పని దొరికినవాళ్ళు హింస కేసుల్లో అరెస్టవడం 16 నెలల్లో 43 శాతం తగ్గింది. కానీ తగ్గింది హింస కేసులే. మిగతా కేసుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పని ఇస్తే డ్రగ్స్ మానేస్తారని దాన్ని చూపించి చెప్పకూడదు. అక్కడా ప్రతి పిల్లాడికీ ఒక పెద్ద తోడు ఉన్నాడన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

రెండోబెంచి
ఆరేళ్ళనుంచి అన్నా, ఆ ‘ఎవరి పక్కన’ అన్నది కరెక్ట్. నేను సెలవుల్లో ఒక ప్రింటింగ్ షాపులో నెల పనిచేశా. ఓనర్ ఎప్పుడూ అరిచేవాడు, కానీ మధ్యాహ్నం తిన్నావా అని రోజూ అడిగేవాడు. నేను ఒకసారి మా ఫ్రెండ్స్‌తో పార్టీకి పోదామనుకుని, చివర్లో పోకుండా ఆగిపోయా. రాత్రి తాగి పొద్దున్నే ఆయన ఎదుట నిలబడి కటింగ్ మెషీన్ తిప్పాలంటే భయమేసింది. ఆయన ఎప్పుడూ తాగొద్దని చెప్పలేదు. అసలు ఆ టాపిక్కే రాలేదు.

పాతసైకిల్
కటింగ్ మెషీన్ దగ్గర పదిహేడేళ్ళ పిల్లాణ్ణి పెట్టాడా? ముందు వాణ్ణి తన్నాలి.

రెండోబెంచి
కాగితాలు అందించేవాణ్ణి అంతే అంకుల్. కొంచెం బిల్డప్ ఇచ్చా.

నిర్వాహకుడు
తన్నుడు మాటలు తగ్గిద్దాం. సిస్టర్ గారు పైన చెప్పింది అందరికీ వర్తిస్తుంది. 🙂

తాళాలగుత్తి
రేపే మీటింగు. కార్డు కాకపోతే ఏంటి అని అడుగుతారు, ఏదో ఒకటి చేతిలో ఉండాలి. మా పక్కాయన వయసు అడగడు అన్నానే, ఆయన్ని అడిగా. ‘మొహం చూసి 18 అని ఎలా చెప్పను? అడిగితే పెద్దవాళ్ళు కోప్పడతారు’ అంటాడు. అదీ నిజమే కదా?

మందులచీటీ
దానికి బ్రిటన్ కొట్లవాళ్ళు ఒక ఉపాయం పట్టారు. ఛాలెంజ్ 25 అంటారు. కొనేవాడు 18 లోపా పైనా అని అంచనా వెయ్యక్కర్లేదు. 25 కంటే తక్కువగా కనపడే ప్రతివాణ్ణీ కార్డు అడగాలి, అంతే. బోర్డు కౌంటర్ మీద ఉంటుంది కాబట్టి అడిగినవాడి మీద కోపం రాదు, బోర్డు మీద వస్తుంది. కౌంటర్లో ఉండేది కూడా ఒక్కోసారి 19 ఏళ్ళ కుర్రాడే. తన ఫ్రెండుని కాదనడం వాడి వల్ల కాదు. బోర్డు ఉంటే ‘ఓనరు ఊరుకోడురా’ అంటాడు. తప్పు వాడి మీద పడదు.

గోడమీదపిల్లి
నన్ను 25 లోపు అనుకుని కార్డు అడిగితే ఆ కొట్టు నా ఆస్తి రాసిచ్చేస్తా. 43.

ఎదురుగాలి
బోర్డు కూడా బ్యానరు లాగే మిగిలిపోతుంది, ఎవరూ వెళ్ళి చూడకపోతే. బయట దేశాల్లో వయసు తక్కువగా కనపడేవాళ్ళని పంపి కొనిపించి చూస్తారు. ఎవరు అమ్మారు, ఎవరు కాదన్నారు. మీ సంఘంలో ఒకరి కొట్టుకి ఒకరు ఆ పని చేసుకోండి. దానికి ఒప్పుకునేవాళ్ళు 14 మందిలో ఎంతమందో చూస్తే మీ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

వార్డు_సిస్టర్
బహుమతులు, తగ్గింపులు అసలు దండగ అని మాత్రం అనను. 1990ల మొదట్లో వెర్మాంట్ యూనివర్సిటీలో కొకెయిన్ మానుతున్నవాళ్ళకి, టెస్టులో శుభ్రంగా ఉన్న ప్రతిసారీ కూపన్లు ఇచ్చి చూశారు. వస్తువులు కొనుక్కోవచ్చు. మామూలు కౌన్సెలింగ్ కంటే ఎక్కువమంది నిలిచారు. తర్వాత చాలాచోట్ల అదే తేలింది. కానీ అది అలవాటులో పడి, చికిత్సకి వచ్చినవాళ్ళకి. వారంలో రెండు మూడుసార్లు టెస్టు, వెంటనే చేతికి బహుమతి, ఎవరికీ చెప్పరు. ఏడాదికి రెండుసార్లు టెస్టు పెట్టి, మెడలో కార్డు వేసేది దానికి పూర్తిగా తలకిందులు. మీ తగ్గింపు డబ్బు ఖర్చుపెట్టి తీరాలనుంటే, చికిత్స నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళకి దారి చూడండి. మా వార్డు నుంచి వెళ్ళిన 18 ఏళ్ళవాడికి వారం తిరక్కుండా పాత స్నేహితులు దొరుకుతారు, పని దొరకదు.

ఆరేళ్ళనుంచి
నాకు దొరికింది, ఒక పెయింట్ షాపులో. ఓనరుకి అన్నీ చెప్పి చేరా. ‘థిన్నరు గదిలోకి మాత్రం వెళ్ళకు, రంగులు కలుపు’ అన్నాడు. మూడేళ్ళు తాళంచెవి నా చేతికి ఇవ్వలేదు. నాలుగో ఏడు ఇచ్చాడు. మొదటి మూడేళ్ళూ ఇవ్వనందుకే ఆయన మీద నాకు గౌరవం.

నిద్రపట్టని_నాన్న
తాళాలగుత్తి గారూ, మీటింగు ఏమైంది? రెండు రోజులైంది.

తాళాలగుత్తి
అయింది, అవ్వాల్సినట్టే అయింది. టెస్టు సంగతి సిస్టర్ గారు రాసింది చదివి వినిపించా. మందు పట్టుబడదు అనగానే ఒకాయన ‘అయితే మా వాడు పాసవుతాడు’ అన్నాడు, నవ్వులాటకో నిజానికో తెలీదు, గది మాత్రం చల్లబడింది. కార్డు పక్కన పెట్టారు. రద్దు అనలేదు, ‘వచ్చే ఏడు చూద్దాం’ అన్నారు.

ఒకరి కొట్టు ఒకరు పరీక్షించుకోవడానికి 14 మందిలో ఐదుగురం చేతులెత్తాం. మా పక్కాయన ఎత్తలేదు. కానీ బోర్డు పెడతానన్నాడు, 25 బోర్డు. నాకు నమ్మకం లేదు, చూద్దాం. ప్రింటింగ్ ప్రెస్సాయన ఇద్దరు పిల్లల్ని సెలవుల్లో పగటిపూట మాత్రమే, రోజుకి మూడు గంటలు తీసుకుంటానన్నాడు. మెషీన్ దగ్గరికి పోనివ్వొద్దని నేను గట్టిగా చెప్పా, రెండోబెంచి బాబూ. గమ్ము, థిన్నరు వెనక అరలో ఉంచడానికి ఇంకో ఇద్దరు హార్డ్‌వేర్ వాళ్ళు ఒప్పుకున్నారు.

ఇక బ్యానరు. మీటింగుకి ముందే ఆర్డరిచ్చేశారట, వచ్చేసింది. పన్నెండడుగులు. పైన మా ఫోటోలు, కింద ఎర్ర అక్షరాల్లో ‘మత్తు వద్దు’ ఉండాలి కదా. ‘మత్తు ముద్దు’ అని పడింది.

గోడమీదపిల్లి
దానికింద పద్నాలుగు మీసాలు!! ఫోటో పెట్టండి, మీ కాళ్ళకి దణ్ణం.

ఎదురుగాలి
ఇన్నేళ్ళలో నిజం రాసిన బ్యానరు ఇదొక్కటే.

తాళాలగుత్తి
ఫోటో పెట్టను, నా మొహం కూడా ఉంది. బ్యానరు మా గోడౌన్‌లో ఉంది. వాన పడితే కాగితం కట్టల మీద కప్పుతున్నా.

పాతసైకిల్
అక్షరాలు కిందికి వచ్చేలా కప్పావా?

తాళాలగుత్తి
మొహాలు కిందికి వచ్చేలా. రెండూ ఒక పక్కే ఉన్నాయిగా.